ఎక్కకయే ఎత్తు తెలిసికొనుట

తాటిచెట్టు ఎత్తెంతయో తెలిసికొనుటకు చెట్టెక్కి త్రాడు జారవిడువ నక్కఱలేదు. నేలపై నిలువుగా పాతిన మీటరు కఱ్ఱ నీడ సరిగా ఒక మీటరైన వేళ చెట్టు నీడను కొలిచినచో, అదియే చెట్టు ఎత్తగును. అప్పుడు సూర్యకిరణములు నేలతో 45° కోణము చేయును. కఱ్ఱయు దాని నీడయు చిన్న త్రిభుజము నేర్పఱచును. చెట్టును దాని నీడయు పెద్ద త్రిభుజము నేర్పఱచును. రెండింటి కోణములు సమానములు గనుక భుజముల నిష్పత్తియు సమానమే. త్రికోణమితికి మూలసూత్ర మిదియే.

ఎండ లేని దినమున కోణమును కంటితోనే కొలువవచ్చును. కోణమానిని కేంద్రమునుండి దారముతో చిన్నరాతిని వ్రేలాడదీసి, దాని తిన్నని అంచు వెంబడి చెట్టుకొనను చూడవలెను. దారము 90° గీతనుండి ఎన్ని డిగ్రీలు జరుగునో, ఊర్ధ్వకోణ మన్ని డిగ్రీలు. అది 45° అయినచో చెట్టు మొదటివఱకు గల దూరమే ఎత్తు. 30° అయినచో ఆ దూరమును 0.577 తోను, 60° అయినచో 1.732 తోను గుణింపవలెను. వచ్చిన ఫలమునకు నేలనుండి కంటి ఎత్తును కలుపుట మఱవరాదు.

చెట్టు ఏటికి ఆవలిగట్టున నున్నచో దాని మొదలు చేరుట కుదరదు. అప్పుడు రెండుచోట్లనుండి చూడవలెను. మొదట 30° కోణము కనబడి, చెట్టువైపు తిన్నగా 20 మీటర్లు నడచిన పిమ్మట 60° కనబడిన దనుకొనుడు. మొదటి దూరము ఎత్తునకు 1.732 రెట్లు, రెండవది 0.577 రెట్లు. వీని భేదమగు 1.155 రెట్లు 20 మీటర్లకు సమానము. కావున కంటి మట్టమునకు పైన చెట్టు ఎత్తు సుమారు 17.3 మీటర్లు.

చేరరాని వస్తువును కొలుచు ఈ ఉపాయమే హిమాలయములను సైతము కొలిచినది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగిమల దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలిచెను. ఆ పని 57 దినములు పట్టెను. అట్టి రేఖలపై త్రిభుజములను పేర్చుకొనుచు సర్వేవారు ఉత్తరమునకు సాగిరి. నేపాళము వారిని తన దేశమున అడుగిడనీయలేదు. అందుచే 1849, 1850 సంవత్సరములలో, మలేరియా జ్వరములకు నెలవైన మైదానములందు నిలిచి, 170 కిలోమీటర్లకు మించిన దూరమునుండి ఎవరెస్టు శిఖరపు కోణములను కొలిచిరి. భూమి గుండ్రదనమును, గాలిలో కాంతి వంగుటను లెక్కలోనికి తీసికొనిరి. ఆ గణితమున రాధానాథ్ సిక్దార్ ప్రముఖుడు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అనగా సుమారు 8,840 మీటర్లు. 2020లో నేపాళ, చైనా ప్రభుత్వములు ప్రకటించినది 8,848.86 మీటర్లు. భేదము దాదాపు 9 మీటర్లు మాత్రమే!

ఆ శిఖరముపై మానవుడు నిలిచినట్లు తొలిసారి రూఢియైనది 1953లో. అప్పటికి దాని ఎత్తు లోకమునకు తెలిసి 97 ఏండ్లు గడచెను. నేలపై కొలత తప్పినచో కొండ ఎత్తును తప్పును. కావుననే ఆ తొలి గొలుసును పట్టినవారు తొందరపడలేదు.