కిటికీ పక్క పిల్ల

పిల్లలూ! బస్సు ఎక్కగానే మీరు ఏ సీటు కోసం పోట్లాడుకుంటారు? కిటికీ పక్క సీటు కోసమే కదా! మా కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ ఆఫీసులకు వెళ్ళే పెద్దవాళ్ళు కూడా కిటికీ పక్క బల్ల దొరికితే సంతోషిస్తారు.

అయితే 1970ల చివర జపానులో ‘కిటికీ పక్కవాళ్ళు’ అనే మాట ఒకటి పుట్టింది. ఆఫీసులో ఇక పని అప్పగించక, పక్కకు తప్పించిన ఉద్యోగులను అలా అనేవారు. జీతం వచ్చేది గాని పని ఉండేది కాదు. మనం ‘మూల కూర్చోబెట్టారు’ అంటామే, అదన్నమాట! మనకు మూల, వాళ్ళకు కిటికీ.

ఇది తెలియక నేను ఒక పుస్తకాన్ని చాలాకాలం సగమే అర్థం చేసుకున్నాను. అది టెట్సుకో కురొయనాగి అనే ఆమె తన చిన్ననాటి సంగతులు వ్రాసిన పుస్తకం. 1981లో వచ్చింది. జపాను భాషలో దాని పేరుకు ‘కిటికీ పక్క టొట్టోచాన్’ అని అర్థం. ‘చాన్’ అన్నది ముద్దుకు తగిలించే మాట. ఇంట్లోవాళ్ళు టెట్సుకోచాన్ అంటే, ఆ పిల్లకు టొట్టోచాన్ అని వినిపించేదట!

ఒకటో తరగతిలో ఈ పిల్ల పాఠం వినక, కిటికీ దగ్గర నిలబడి, వీధిలో పోయే వాయిద్యగాళ్ళను పిలిచేది. బడివాళ్ళు వెళ్ళగొట్టారు. అప్పుడు తల్లి ఆమెను టోక్యోలోనే టోమోయే అనే మరో బడికి తీసుకుపోయింది. అక్కడ పాత రైలుపెట్టెలే తరగతి గదులు! ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటి రోజున ఆమె కబుర్లు నాలుగు గంటలసేపు విన్నాడు. నేనూ ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాణ్ణే. ఒక్క పిల్లవాడి మాటలయినా నాలుగు గంటలు విన్నానా అంటే, లేదు. ఆ పుట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు సిగ్గు వేస్తుంది.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ఈ పుస్తకాన్ని తెలుగులో ‘రైలుబడి’ అనే పేరుతో వేశారు. వినగానే చదవాలనిపించే పేరు. కాని ‘మూలకు నెట్టిన పిల్ల’ అనే బాధ అందులోకి రాలేదు. అది అనువాదకుల తప్పు కాదు. కిటికీ అంటే మనకు సరదాయే తప్ప బాధ తట్టదు మరి!

ఆ బడిలో పిల్లలు మధ్యాహ్న భోజనానికి సముద్రానిది కొంచెం, కొండలది కొంచెం తెచ్చుకోవాలి. మొన్న ఆదివారం మా మేడమీద పిల్లలకు ఈ ఘట్టం చదివి వినిపించాను.

“తాతగారూ, మనకు సముద్రమేదీ?” అన్నాడొక చిన్నవాడు.

జపాను దీవుల దేశం. కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ కొండలది అంటే నేలమీద దొరికేదంతా అని అర్థం: కూరలు, మాంసం, అన్నీ. అట్లా చెప్పాను. ఒక పిల్ల కాసేపు ఆలోచించి, తన అన్నం డబ్బాలోని ఆవకాయ చూపి, “మామిడికాయ కొండలది, ఉప్పు సముద్రానిది!” అన్నది. చినగంజాం ఉప్పు మళ్ళను ఆ పిల్ల ఎన్నడూ చూసి ఉండదు.

“ఆ రైలుపెట్టెలు ఇప్పటికీ ఉన్నాయా?” అని అడిగాడు చిన్నవాడు.

1945లో విమానాలు బాంబులు వేసినప్పుడు కాలిపోయాయని చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. కథలో ఆ పుట ఇంకా రానేలేదు. ముందే చెప్పేసినందుకు వాళ్ళు నామీద ఇప్పటికీ కోపంగా ఉన్నారు.