పాట అందరిదీ... పట్టా ఒకరిదే!

చాలా రేడియో స్టేషన్లు వాళ్ల పాటలు వెయ్యలేదు. ఎంటీవీ వీడియో చూపించనంది. ఎఫ్‌బీఐ ఉత్తరం రాసింది. పోలీసులు స్టేజీ మీదికి దూసుకొచ్చారు. ఇవేవీ ఆ కుర్రాళ్లను విడదీయలేకపోయాయి. చివరికి విడదీసింది డబ్బు లెక్కలు. హిప్‌హాప్ నడకనే మార్చేసి, పుట్టిన నాలుగేళ్లకే ముక్కలైన ‘ఎన్‌డబ్ల్యూఏ’ కథ ఇది.

1989 ఆగస్టు 1 తేదీతో ప్రయారిటీ రికార్డ్స్ అనే చిన్న సంగీత కంపెనీకి ఎఫ్‌బీఐ నుంచి ఓ ఉత్తరం వచ్చింది. సంతకం చేసింది అసిస్టెంట్ డైరెక్టర్ మిల్ట్ అలరిచ్. ‘మీరు విడుదల చేసిన ఓ పాట పోలీసుల మీద హింసనూ అగౌరవాన్నీ రెచ్చగొడుతోంది’ అన్నది సారాంశం. అంతకు ముందు ఏడాది విధి నిర్వహణలో 78 మంది పోలీసులు హత్యకు గురయ్యారని కూడా అందులో గుర్తుచేశాడు. పాట పేరు మాత్రం రాయలేదు. రాస్తే పోలీసులను తిట్టే బూతు రాయాల్సిందే మరి!

ఆ ఉత్తరంలో కేసు మాట లేదు, నిషేధం మాట లేదు. అది పత్రికలకెక్కాక మాత్రం, ఎంత డబ్బు పోసినా దొరకని ప్రచారం దొరికింది. ఆగస్టు 6న డెట్రాయిట్‌లోని జో లూయీ అరీనాలో ఆ బృందం కచేరీ. ఆ పాట పాడొద్దని ముందే చెప్పారు. కుర్రాళ్లు అదే అందుకున్నారు. పోలీసులు వేదిక వైపు దూసుకొచ్చారు, కార్యక్రమం అర్ధంతరంగా ఆగిపోయింది. ఆ రోజుల్లో అమెరికాలో అంతగా వార్తల్లో నలిగిన సంగీత బృందం ఇంకోటి లేదేమో. అంత పేరు తెచ్చుకున్న ఏడాది చివరికల్లా, పాటల్లో సగం బలం తనదైన కుర్రాడు బయటికి నడిచాడు.

కాంప్టన్ వీధుల్లో...

లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన ఆనుకుని ఉండే చిన్న ఊరు కాంప్టన్. ఎనభైల్లో అక్కడ క్రాక్ కొకెయిన్ వరదలా పారింది. బ్లడ్స్, క్రిప్స్ ముఠాలు వీధులు పంచుకున్నాయి. లాస్ ఏంజెలెస్ పోలీసుల పద్ధతి కూడా యుద్ధాన్నే తలపించేది. 1988 ఏప్రిల్‌లో ‘ఆపరేషన్ హ్యామర్’ పేరుతో వెయ్యి మంది పోలీసులు ఒక్క వారాంతంలో దక్షిణ లాస్ ఏంజెలెస్‌లో 1,400 మందికి పైగా అరెస్టు చేశారు. వాళ్లలో ఎక్కువమందిని కేసు కూడా లేకుండానే వదిలేశారు. పోలీసులు రోడ్డు మీద నిలబెట్టి జేబులు తడమడం అక్కడి నల్లజాతి కుర్రాళ్లకు నిత్యానుభవం. ఎఫ్‌బీఐకి కోపం తెప్పించిన పాట పుట్టింది ఆ అనుభవంలోంచే.

ఈ నేపథ్యంలో 1987లో ఒక్కచోట చేరినవాళ్లలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. ఎరిక్ రైట్ మత్తుపదార్థాలు అమ్మి కాస్త డబ్బు వెనకేసుకున్నాడు. అతనే ఈజీ-ఇ. ఆండ్రే యంగ్ అప్పటికే క్లబ్బుల్లో పేరున్న డీజే. మెరిసే దుస్తుల్లో డ్యాన్స్ పాటలు వాయించే ‘వరల్డ్ క్లాస్ రెకిన్ క్రూ’లో సభ్యుడు. అతనే డాక్టర్ డ్రే. అదే క్రూ నుంచి డీజే యెల్లా వచ్చాడు. ఒషే జాక్సన్ అనే ఐస్ క్యూబ్ ఇంకా హైస్కూల్ కుర్రాడు. అరేబియన్ ప్రిన్స్ మొదట్లోనే ఉన్నాడు, ఎక్కువకాలం నిలవలేదు. కొంతకాలానికి ఎంసీ రెన్ కలిశాడు. డల్లాస్ నుంచి వచ్చిన ద డీఓసీ తెర వెనక పాటలు రాసిపెట్టేవాడు. బృందానికి పెట్టుకున్న పేరులో మొదటి అక్షరం నల్లజాతివారిని కించపరిచే తిట్టుదే. దాన్ని వాళ్లే ఎత్తి జెండాలా పట్టుకున్నారు.

లైన్ తర్వాత లైన్

‘బాయ్స్ ఇన్ ద హుడ్’ పాట రికార్డయిన తీరులోనే ఈ బృందం స్వభావమంతా కనిపిస్తుంది. రాసింది క్యూబ్. న్యూయార్క్ నుంచి వచ్చిన ఓ బృందం కోసం రాస్తే, ఈ వీధి భాష మాది కాదని వాళ్లు పాడబోమన్నారు. స్టూడియోకి అద్దె కట్టేశారు, ట్యూన్ సిద్ధంగా ఉంది, పాడే మనిషి లేడు. డ్రే చూపు ఈజీ మీద పడింది. అంతవరకూ ఎప్పుడూ ర్యాప్ చేయని ఈజీ మొదట ససేమిరా అన్నాడు. చివరికి మైకు ముందు నిలబెట్టి, ఒక లైన్ చెప్పించి, ఆపి, సరిచేసి, మళ్లీ చెప్పించి... అలా లైన్ తర్వాత లైన్ అతికించి పాట పూర్తి చేశారు. అందులో వినిపించే ఆ సన్నటి, వెక్కిరింపు గొంతు తర్వాత ఈజీకి ముద్రగా మారింది.

మాటలు క్యూబ్‌వి, సంగీతం డ్రేది, గొంతూ డబ్బూ ఈజీవి. పాట బయటికొచ్చింది ఈజీ కంపెనీ రూత్‌లెస్ రికార్డ్స్ నుంచి. ఉమ్మడి కుటుంబంలో దున్నేవాళ్లు నలుగురున్నా పట్టాదారు పాసుపుస్తకం ఒకరి పేరునే ఉన్నట్టు! పంట చేతికి రానంతకాలం ఆ పుస్తకం సంగతి ఎవరికీ పట్టలేదు.

హెల్లర్ వచ్చాడు

కంపెనీకి పెద్దదిక్కుగా జెర్రీ హెల్లర్‌ను ఈజీయే వెతికి పట్టుకున్నాడు. ఎల్టన్ జాన్, పింక్ ఫ్లాయిడ్‌ల అమెరికా పర్యటనలు నడిపిన అనుభవం ఉన్న తెల్లజాతి మేనేజర్ అతను. అప్పటికి వయసు 46. ఎవరూ కన్నెత్తి చూడని కాంప్టన్ కుర్రాళ్లకు అతని పరిచయాలే తలుపులు తెరిచాయి. పంపిణీకి ముందుకొచ్చిన ప్రయారిటీ రికార్డ్స్‌కి అప్పటికి ఉన్న పెద్ద విజయం... ఎండుద్రాక్ష ప్రకటనలో పాడే మట్టిబొమ్మల ఆల్బమ్!

‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ ఆల్బమ్‌ను టోరెన్స్‌లోని చిన్న స్టూడియోలో వారాల వ్యవధిలో, కొద్దిపాటి ఖర్చుతో పూర్తిచేశారు. డ్రమ్స్ మోత, సైరన్లు, తుపాకుల చప్పుడు, వాటి మీద క్యూబ్, రెన్‌ల కోపం. 1989 వేసవికి పది లక్షల కాపీలు దాటి ప్లాటినం అందుకుంది. హిప్‌హాప్ అంటే న్యూయార్కే అన్న రోజులకు అక్కడితో తెరపడింది.

ఫీనిక్స్‌లో చెక్కు

బృందానికి పేరు రాకముందు క్యూబ్ ఓ ఏడాది ఫీనిక్స్ వెళ్లి ఆర్కిటెక్చరల్ డ్రాఫ్టింగ్ చదివాడు. ర్యాప్ తిండి పెడుతుందన్న నమ్మకం లేక నేర్చుకున్న విద్య అది. పర్యటనలో మళ్లీ అదే ఊళ్లో అతని ముందుకు 75,000 డాలర్ల చెక్కు వచ్చింది. పక్కనే ఒప్పందం కాగితాలు. సంతకం పెడితే చెక్కు నీది అన్నారు. మిగతావాళ్లు పెట్టేశారు. ‘నా లాయర్‌కు చూపించాకే’ అన్నాడు క్యూబ్. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ డబ్బు చిన్నది కాదు. కానీ లక్షల్లో అమ్ముడైన ఆల్బమ్‌కు తనకు ముట్టింది 32,000 డాలర్లేనన్న లెక్క అతని బుర్రలో తిరుగుతోంది.

1989 చివర్లో అతను తప్పుకున్నాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం సంగీతకారులతో కలిసి సొంత ఆల్బమ్ తెచ్చి నిలదొక్కుకున్నాడు. పాత మిత్రులు పాటల్లో అతణ్ని ద్రోహి అన్నారు. అతను 1991లో ‘నో వాసెలిన్’తో బదులిచ్చాడు. పాటగా అది చావుదెబ్బే. కానీ అందులో హెల్లర్ యూదుడన్న సంగతిని లాగి తిట్టిన తిట్టు క్యూబ్‌కి ఎప్పటికీ మచ్చే.

మచ్చలు ఇంకా ఉన్నాయి. ఆడవాళ్ల గురించి ఈ బృందం పాడిన మాటలు రాసుకోవడానికే సిగ్గేస్తుంది. అవి పాటల్లోనే ఆగలేదు. 1991 జనవరిలో హాలీవుడ్‌లో జరిగిన ఓ పార్టీలో టీవీ వ్యాఖ్యాత డీ బార్న్స్‌ను డ్రే చితకబాదాడు. బృందంలో తప్పని చెప్పినవాళ్లు లేరు. తాను బాధపెట్టిన ఆడవాళ్లందరికీ డ్రే బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2015లో. అణచివేతను అంత గట్టిగా నిలదీసినవాళ్లకు సాటి ఆడవాళ్ల బాధ కనిపించకపోవడం ఈ కథలో తీరని లోటు.

శిఖరం మీదే చీలిక

1991 మేలో వచ్చిన రెండో పెద్ద ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానంలో అడుగుపెట్టి, మరుసటి వారమే మొదటి స్థానానికి చేరింది. అంతకు కొద్దినెలల ముందు ఈజీ, రిపబ్లికన్ పార్టీకి చందా కట్టి అధ్యక్షుడు జార్జ్ బుష్ పాల్గొన్న విందుకు దర్జాగా వెళ్లొచ్చాడు. ఎఫ్‌బీఐ చేత ఉత్తరం రాయించుకున్న మనిషి!

బయటికి అంతా వైభవమే. లోపల డ్రేకి క్యూబ్ అడిగిన ప్రశ్నే ఎదురైంది. కంపెనీలోని హిట్లలో ఎక్కువ భాగానికి సంగీతం తనదే. మరి డబ్బు ఎటు పోతోంది? కారు ప్రమాదంలో గొంతు దెబ్బతిన్న డీఓసీదీ అదే గోడు. వాళ్ల పక్కన బాడీగార్డుగా తిరిగిన షుగ్ నైట్ ఒప్పందాలు తిరగేశాడు. డ్రేని వదిలేసే కాగితాల మీద బ్యాట్లు పట్టుకున్న మనుషులతో బెదిరించి సంతకం పెట్టించుకున్నారని ఈజీ ఆరోపించాడు. నైట్ కాదన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది, ఓ ఒప్పందమూ కుదిరింది. దాని ప్రకారం డ్రే 1992లో తెచ్చిన ‘ద క్రానిక్’ అమ్ముడైనకొద్దీ ఈజీకీ వాటా వెళ్లింది. పాటల్లో తనను తిట్టిన ఆల్బమ్ మీద తానే సంపాదించుకున్నాడు ఈజీ.

1995 మార్చి 26న ఎయిడ్స్‌తో వచ్చిన సమస్యలతో ఈజీ చనిపోయాడు. వయసు 30. జబ్బు సంగతి లోకానికి చెప్పి అప్పటికి పది రోజులే. ఆ చావుతో పాత బృందమంతా మళ్లీ కలిసే దారి మూసుకుపోయింది.

ఎవరి తప్పు?

తాను ఎవర్నీ మోసం చేయలేదని హెల్లర్ 2016లో కన్నుమూసేదాకా చెబుతూనే ఉన్నాడు. 2015లో వచ్చిన ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ సినిమా తనను దుర్మార్గుడిగా చూపిందని దావా కూడా వేశాడు. సినిమా నిర్మాతల్లో క్యూబ్, డ్రే, ఈజీ భార్య టోమికా ఉన్నారు. కథ చెప్పే హక్కు చివరికి వాళ్ల చేతికే వచ్చిందన్నమాట. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లను చేర్చుకుంది. మరుసటి ఏడాది అమెరికా పార్లమెంటు గ్రంథాలయం ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ ఆల్బమ్‌ను భద్రపరచాల్సిన జాతీయ రికార్డింగుల్లో చేర్చింది.

హెల్లర్ ఒక్కడి మీద నెపం వేస్తే కథ తేలిగ్గా ముగుస్తుంది. కానీ రూత్‌లెస్ యజమాని ఈజీ. ఇరవై మూడేళ్లయినా నిండని నల్లజాతి కుర్రాడు పెద్ద కంపెనీల గడప తొక్కకుండా సొంత లేబుల్ పెట్టడమే ఆనాటి అసలు విప్లవం. ఆ లేబుల్ లేకపోతే ఈ పాటలే లేవు. అయితే జనం కళ్లకు స్నేహితుల గుంపుగా కనిపించింది కాగితాల మీద ఒక యజమాని, అతని దగ్గర పనిచేసే కళాకారులు. స్నేహానికి అడ్డమొస్తుందని మొదటి రోజున ఎవరూ అడగని వాటాల లెక్కే చివరికి స్నేహాన్ని మింగింది.

క్యూబ్ ఆ పాఠం ముందుగా నేర్చుకుని సొంత సినిమా సంస్థ పెట్టుకున్నాడు. డ్రే ఆలస్యంగా నేర్చుకున్నాడు. షుగ్ నైట్‌తో కలిసి కట్టిన డెత్ రో కంపెనీని కూడా 1996లో వదిలి ఆఫ్టర్‌మ్యాత్ స్థాపించాడు. 2014లో తన భాగస్వామ్యంలోని ‘బీట్స్’ కంపెనీని ఆపిల్‌కు అమ్మితే పలికిన ధర 300 కోట్ల డాలర్లు. ఈసారి యజమానుల జాబితాలో అతని పేరుంది. కొత్తగా బృందం కట్టే కుర్రాళ్లు ఎన్‌డబ్ల్యూఏ నుంచి తీసుకోవాల్సింది ఆ కోపం, ఆ డ్రమ్స్ మోత మాత్రమే కాదు. మొదటి పాట రికార్డు చేసే ముందే ఎవరి వాటా ఎంతో రాసుకోవడం కూడా. ఆ ఒక్క కాగితం ఉండుంటే ఆ కుర్రాళ్ల నుంచి ఇంకెన్ని ఆల్బమ్‌లు వచ్చేవో!