ఇంగ్లండు పల్లెసీమలలో కాలిబాటలు

మన పిల్లలు ఇంగ్లీషు వాచకములలో చదువుకొను పద్యములలో వర్డ్స్‌వర్త్ కవి 'డాఫొడిల్స్' మిక్కిలి ప్రసిద్ధమైనది. దానికి మూలము ఒకనాటి కాలినడక. 1802వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఆ కవియు, ఆయన చెల్లెలు డారతీయు ఉల్స్‌వాటరు అను సరస్సు గట్టున నడచి వచ్చుచుండగా, గాలికి తలలూపుచున్న పసుపుపచ్చని పూలబారు వారి కంటబడినది. డారతీ ఆ దృశ్యమును తన దినచర్యలో వ్రాసి యుంచినది. పద్యము 1807లో అచ్చయినది.

ఉదయమున బయలుదేరి చీకటి పడకమునుపే ఇల్లు చేరునట్టి ఈ నడక నేటికిని ఆ దేశప్రజలకు ప్రియమైన వినోదము. అయితే అక్కడి పొలములును, కొండలును చాలవరకు ఎవరో యొకరి సొంత ఆస్తులు. పరుల భూమిలో ప్రజలు ఏ హక్కుతో నడచుచున్నారు? ఆ హక్కు వారికి ఎట్లు లభించినది? ఈ సంగతి మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులు తెలిసికొనదగినది.

ఇంగ్లండు చట్టము ప్రకారము భూమి ఒకరిదైనను దాని మీదుగా పోవు బాట ప్రజలందరిది కావచ్చును. పూర్వము రైతులు పొలమునకును, గ్రామస్థులు చర్చికిని సంతకును, కూలివారు మిల్లులకును నడచిన దారులే పెక్కు కాలిబాటలైనవి. ఒక దారిని ప్రజలు ఇరువది సంవత్సరములు ఎడతెగక, అనుమతి యడుగక, బహిరంగముగా నడచినచో, యజమాని అందుకు విరుద్ధమైన ఉద్దేశమును తెలుపనియెడల, దానిని ప్రజలకు విడిచినట్లే చట్టము భావించును. 1949 నాటి చట్టము ఇట్టి బాటల నన్నిటిని పటములలో నమోదు చేయవలసినదిగా జిల్లా పాలక మండలులను ఆదేశించినది. ఇంగ్లండు, వేల్సులలో కలిపి నేడు వీని నిడివి సుమారు 2,25,000 కిలోమీటర్లు.

బాట పొలము నడుమ నుండి పోవుచున్నను రైతు దానిని దున్నవచ్చును. కాని తొలిదుక్కి అయిన పదునాలుగు దినములలో కనీసము ఒక మీటరు వెడల్పున తిరిగి సరిచేయవలెను. కంచె అడ్డము వచ్చినచోట మనుష్యుడు దాటుటకు రెండు మెట్లు కట్టియుందురు. పసుపుపచ్చని బాణపు గుర్తు కాలిబాటను సూచించును. నీలపు గుర్తున్న దారిలో గుఱ్ఱములును పోవచ్చును.

ఒక దినపు నడక యెట్లుండునో చూతము. మాంచెస్టరు, షెఫీల్డు నగరముల నడుమ రైలుమార్గమున ఈడేలు అను చిన్న ఊరున్నది. అక్కడ దిగి దక్షిణముగా పచ్చికబయళ్లమీదుగా ఎక్కినచో హాలిన్స్ క్రాస్ అను కనుమ వచ్చును. ఈడేలులో గుడి లేని కాలమున ఆ ఊరివారు శవములను ఈ కనుమ మీదుగానే కాసిల్టన్ గ్రామమునకు మోసికొనిపోయెడివారు. కనుమనుండి గట్టు వెంబడి పడమరకు నడచినచో 517 మీటర్ల ఎత్తుగల మామ్ టోర్ శిఖరము. ఇరుప్రక్కల లోయలు, సున్నము లేక రాతిపై రాయి పేర్చిన గోడలు, వానిమధ్య మేయు గొఱ్ఱెలు కనబడును. ఈ కొండచరియలు తరచుగా జారుచుండుటచే క్రిందనున్న పెద్దరోడ్డును 1979లో మూసివేసిరి. అటనుండి కాసిల్టన్‌కు దిగవచ్చును. మొత్తము రెండున్నర లేక మూడు గంటల నడక. నడకకు పట్టు కాలమును అంచనా వేయుటకు నైస్మిత్ అనునాయన 1892లో ఒక లెక్క చెప్పెను: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మరియొక గంట.

ఈడేలుకు ఉత్తరమున నున్న కిండర్ స్కౌట్ అను పీఠభూమికి ఒక చరిత్ర గలదు. పూర్వము అది వేటపక్షులకై ప్రత్యేకింపబడి, సామాన్యులకు ప్రవేశము లేక యుండెను. మాంచెస్టరు కార్మికులకు ఆదివారమొక్కటే సెలవు. ఆ దినమున పొగగొట్టముల నుండి దూరముగా పోవుటకు కొండలే శరణ్యము. కొండలపై సామాన్యులు నడచుటకు అనుమతింపవలెనని 1884లోనే జేమ్స్ బ్రైస్ పార్లమెంటులో బిల్లు పెట్టెను; అది నెగ్గలేదు. 1932 ఏప్రిల్ 24, ఆదివారమున కొన్ని వందలమంది యువజనులు నిషేధమును ధిక్కరించి కిండర్ ఎక్కిరి. కావలివారితో పెనుగులాట జరిగెను. ఐదుగురికి రెండు మొదలు ఆరు నెలల వరకు జైలుశిక్ష పడెను. వారిలో ఇరువదేండ్ల బెన్నీ రాత్‌మన్ ఒకడు.

ఆ శిక్షలు లోకమును కదలించినవి. 1951లో ఆ ప్రాంతమే దేశమునకు తొలి జాతీయోద్యానమైనది. 1965 ఏప్రిల్ 24న ఈడేలునుండి స్కాట్లండు సరిహద్దు దాటిపోవు 268 మైళ్ల పెన్నైన్ వే తెరువబడెను. 2000 నాటి చట్టము కొండలు, బీళ్లు మొదలగు బయలు ప్రదేశములలో బాట విడిచియు నడచు స్వేచ్ఛ నిచ్చెను. 2002లో ఆ భూస్వామి మనుమడైన డెవన్‌షైర్ డ్యూకు, తన తాతగారి కాలమున జరిగినదానికి బహిరంగముగా క్షమాపణ చెప్పెను.

హక్కుతోపాటు మర్యాదయు గలదు. తెరచియున్న గేటును తెరచియే, మూసియున్న దానిని మూసియే విడువవలెను. గొఱ్ఱెలున్నచోట కుక్కను కట్టి నడిపింపవలెను. తిన్నదాని చెత్తను వెంట తీసికొని పోవలెను.

నడువనంత మాత్రమున పటమునకెక్కిన బాటపై హక్కు పోదు. కాని ముండ్లు పెరిగి, మెట్లు విరిగి, కొంతకాలమునకు దారి యెక్కడనో తెలియకుండును. అందుచేత అచ్చటి నడకసంఘములవారు ఏటేట ఆ బాటలను నడచి, అడ్డంకులను పాలకులకు తెలుపుచుందురు.

పరరాష్ట్రములలో తరతరములుగా నున్న మనకు ఈ విషయము సులభముగా బోధపడును. సొంత విద్యాలయములను స్థాపించి నిర్వహించుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము భాషా మైనారిటీలకు ఇచ్చినది. అది పటములోని బాట వంటిది. దానిపై నడువవలసినవారు మన పిల్లలు. కావున తల్లిదండ్రులు సెలవుదినమున పిల్లలను ఊరి వెలుపలకు నడిపించుకొని పోయి, దారిలో కనబడు చెట్లకు, పిట్టలకు తెలుగు పేర్లు చెప్పుదురుగాక. ఇంటికి వచ్చిన పిదప చూచినదానిని నాలుగు వాక్యములలో తెలుగున వ్రాయింతురుగాక. దీనికి ఖర్చు లేదు; ఒక పూట తీరిక చాలును.