మెదడు కణితి: కణజాలము చెప్పు జోస్యము

మెదడులో కణితి యున్నదని తెలియగనే ఇంటివారు మొదట అడుగునది, ఎంత కాలము అని. శస్త్రవైద్యుడు వెంటనే బదులు చెప్పకుండుట దాటవేత కాదు. తీసిన ముక్కను పరీక్షించినగాని చెప్ప శక్యము కాదు.

1926లో అమెరికా వైద్యులు బెయిలీ, కుషింగ్ కణముల రూపమును బట్టి ఈ కణితులను వర్గీకరించి, ఆ రూపమునకును రోగి ఆయుర్దాయమునకును గల సంబంధమును చూపిరి. నాటినుండి సూక్ష్మదర్శినియే ప్రమాణమైనది. కణములు ఎంత వేగముగా చీలుచున్నవి, కొత్త రక్తనాళములు గుబురుగా పెరిగినవా, నడుమ కణజాలము చచ్చినదా అని చూచి శ్రేణి నిర్ణయించుచు వచ్చిరి.

అయినను ఒకే శ్రేణివారిలో ఒకరు ఏడాదికే పోవుట, వేరొకరు ఏండ్ల తరబడి బ్రతుకుట కద్దు. నంద్యాల ప్రత్తిరైతులకు ఇందలి మర్మము బోధపరుప నక్కరలేదు. బీటీ విత్తనమును, మామూలు విత్తనమును అరచేత పోసి చూచిన భేదము కానరాదు. పరీక్షించిననే లోపలి జన్యువు బయటపడును. కణితియు నట్టిదే.

2008లో ఐ.డి.హెచ్. అను జన్యువులోని మార్పు ఈ కణితులలో కనుగొనబడెను. ఈ మార్పు గలవి సాధారణముగా మెల్లగా పెరుగును. దానితోపాటు ఒకటవ క్రోమోజోము పొట్టి భుజమును, పందొమ్మిదవదాని పొడుగు భుజమును లోపించినచో అది ఆలిగోడెండ్రోగ్లియోమా; మందులకు, కిరణచికిత్సకు బాగుగా లొంగును. పెద్దవారిలో ఐ.డి.హెచ్. మార్పు లేని ఆస్ట్రోసైటోమాయందు టర్ట్ అను జన్యువు ఆరంభభాగము మారియున్నచో, కణములు సాధువుగా కనిపించినను దానిని గ్లయోబ్లాస్టోమాగానే యెంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించెను. కంటిని నమ్మిన వైద్యశాస్త్రమునకు ఇది చిన్న మార్పు కాదు.

ఎం.జి.ఎం.టి. అను జన్యువు సంగతి వేరు. మందు చేసిన గాయమును మాన్పి కణితిని కాపాడుట దాని పని. అది మూగవోయిననే టెమోజొలమైడ్ బాగుగా పనిచేయును. 2005లో ప్రకటితమైన పరిశోధనలో కిరణచికిత్సతో ఆ మందు పొందిన గ్లయోబ్లాస్టోమా రోగులలో, ఈ జన్యువు మూగవోయినవారి మధ్యస్థ ఆయువు 21.7 నెలలు, తక్కినవారికి 12.7. మధ్యస్థమనగా సగముమంది అంతకంటె ఎక్కువ కాలము బ్రతికిరని యర్థము. ఏ ఒక్కరి గడువును కాదు.

ఆళ్లగడ్డ నుండి కర్నూలుకో హైదరాబాదుకో పోయి శస్త్రచికిత్స చేయించుకొనువారు ఆస్పత్రి వీడునాడు ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మ ఎక్కడ నున్నదో, ఏ జన్యుపరీక్షలు జరిగినవో అడిగి నివేదిక తీసికొనవలెను. తల మరల తెరువకయే పెక్కు పరీక్షలను ఆ దిమ్మనుండి తరువాతనైనను చేయవచ్చును.