సీటు వచ్చింది సరే, చోటు దొరికిందా?
దళిత పరిశోధక విద్యార్థుల 'నివాసం' గురించి కెమికల్ ఇంజనీరింగ్ నేర్పే ఒక లెక్క

యూనివర్సిటీలో సీటు వచ్చిందా అని అందరూ అడుగుతారు. ఉండటానికి చోటు దొరికిందా, దొరికిన చోట చదువు అయ్యేదాకా ఉండనిచ్చారా అని అడిగేవాళ్ళు తక్కువ. దళిత పరిశోధక విద్యార్థుల విషయంలో అసలు ప్రశ్న ఇదే. నివాసం అనేది కెమికల్ ఇంజనీరింగ్‌లోనూ పెద్ద పరిశోధనాంశమే. రియాక్టర్‌లోకి వెళ్ళిన పదార్థం అందులో ఎంతసేపు ఉంది అన్నదాన్ని వాళ్ళు 'రెసిడెన్స్ టైమ్', అంటే నివాస కాలం అంటారు. హాస్టల్ గది కథనూ రియాక్టర్ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన యూనివర్సిటీలు దాచిపెడుతున్నది ఏమిటో తేటగా కనిపిస్తుందని మేము అనుకుంటున్నాం.

ఎల్దుర్తి నుంచి చూస్తే

మెదక్ జిల్లాలో హల్దీ వాగు పారే మండలం ఎల్దుర్తి. ఆఫీసు బోర్డుల మీద వెల్దుర్తి అని ఉన్నా నోట పలికేది ఎల్దుర్తే. ఇక్కడి ఎస్సీ వాడ నుంచి ఒక అమ్మాయి పీహెచ్‌డీ దాకా వెళ్ళాలనుకుంటే ముందున్న దారులు కొన్నే. హైదరాబాద్‌లో ఉస్మానియా, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, సంగారెడ్డి పక్కన కందిలో ఐఐటీ. 2016లో జిల్లాలు విడగొట్టకముందు ఎల్దుర్తి, కంది, పటాన్‌చెరు మూడూ ఒకే మెదక్ జిల్లా. మ్యాపులో దగ్గరే. అయినా రోజూ ఇంటి నుంచి పోయి వచ్చి చేసే పని కాదు పరిశోధన. ల్యాబులో మొదలుపెట్టిన ప్రయోగం ఆఖరి బస్సు టైముకు ఆగదు. లైబ్రరీ, గైడు, తోటి స్కాలర్లు అన్నీ క్యాంపస్‌లోనే ఉంటాయి. రాత్రి పదకొండింటికి టీ తాగుతూ జరిగే చర్చలో సగం చదువు ఉంటుంది.

కాబట్టి హాస్టల్ గది సౌకర్యం కాదు, పరిశోధనకు మొదటి పరికరం. బయట అద్దెకు చూసుకోవచ్చు కదా అంటారు. బయట ఇంటివాళ్ళు ముందు పేరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఊరు. అప్పటికీ తేలకపోతే "మీరు ఏమోళ్ళు?" అని సూటిగానే అడుగుతారు. ఆ ప్రశ్న దాటి గది సంపాదించడం ఎంత కష్టమో మన పాఠకులకు మేము చెప్పక్కర్లేదు.

అంబేడ్కర్‌కు దొరికిన గది, దొరకని గది

ఈ కథ కొత్తది కాదు. 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళిన అంబేడ్కర్ న్యూయార్క్‌లో లివింగ్‌స్టన్ హాల్ అనే హాస్టల్లో నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడితో కలిసి ఉన్నారు. అక్కడ గది గురించి ఆలోచించే పని లేకుండా చదువుకున్నారు. 1917లో తిరిగొచ్చి, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరితే ఆ ఊళ్ళో తల దాచుకునే చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయన్ను అక్కడినుంచి వెళ్ళగొట్టింది. చివరికి ఉద్యోగం వదిలేసి బొంబాయి వెళ్ళిపోయారు.

జీతం, హోదా, విదేశీ చదువు అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్క గది. ఆ ఒక్కటీ లేక మిగతావన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. బరోడాలో ఆయన నివాస కాలం పదకొండు రోజుల దగ్గరే తెగిపోయింది.

క్యాంపస్‌లో వెలివాడ

తొంభై ఏళ్ళ తర్వాత, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై సుఖదేవ్ థోరట్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులు పడలేక తమకు కేటాయించిన గదులు వదిలి, కొన్ని హాస్టళ్ళలోని కొన్ని అంతస్తులకే చేరిపోయారని అందులో బయటపడింది. దేశంలోనే పేరున్న వైద్య కళాశాలలో ఊరు, వాడ వేరువేరుగా తయారయ్యాయన్న మాట. 2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ప్రతి సంస్థలోనూ ఉండాలన్నది.

2015 డిసెంబర్‌లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ళ నుంచి బహిష్కరించింది. వాళ్ళు పరిశోధక విద్యార్థులుగానే ఉన్నారు, సీటు పోలేదు. పోయింది చోటు. 2016 జనవరిలో వాళ్ళు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర డేరా వేసుకుని, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమయ్యాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావాల్సి ఉందని ఆఖరి లేఖలో లెక్క రాసి వెళ్ళాడు. గది, ఫెలోషిప్ రెండూ ఆగిపోతే పరిశోధకుడి చేతిలో ఐడీ కార్డు తప్ప ఏముంటుంది?

చెరువు, మత్తడి, చుక్క రంగు

ఇప్పుడు కెమికల్ ఇంజనీరింగ్ దగ్గరికి వద్దాం. కష్టమైన గణితం వదిలేసి మన చెరువునే ఊహించుకోండి. ఒకవైపు కాలువ నీళ్ళు తెస్తుంది, మరోవైపు మత్తడి దూకుతుంది. చెరువులో పట్టే నీటిని గంటకు వచ్చే నీటితో భాగిస్తే సగటు నివాస కాలం వస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులోకి గంటకు రెండు వందల లీటర్లు వస్తూ, అంతే పోతూ ఉంటే సగటు అయిదు గంటలు.

కానీ ప్రతి చుక్కా సరిగ్గా అయిదు గంటలు ఉంటుందా? ఉండదు. కొన్ని చుక్కలు కాలువ నుంచి నేరుగా మత్తడి దూకేస్తాయి. కొన్ని ఓ మూల చిక్కుకుని రోజుల తరబడి కదలవు. 1953లో పీటర్ డాంక్‌వర్ట్స్ అనే బ్రిటిష్ ఇంజనీరు దీన్ని కొలిచే పద్ధతిని ఒక క్రమంలో పెట్టాడు. లోపలికి వచ్చేచోట ఒక్కసారిగా కాస్త రంగు కలపాలి. బయటికి పోయేచోట నిలబడి ఏ నిమిషంలో ఎంత రంగు వస్తోందో రాసుకోవాలి. ఆ గీత చూస్తే పాత్ర లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. దాన్నే నివాస కాలాల పంపిణీ అంటారు.

ఈ గీత చెప్పే నిజాల్లో ఒకటి వినండి. పూర్తిగా కలిసిపోయే ట్యాంకులో సగటు అయిదు గంటలైతే, లోపలికి వెళ్ళిన దానిలో దాదాపు 63 శాతం ఆ అయిదు గంటలు నిండకముందే బయటపడుతుంది. సగటు చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటే మోసపోతాం. నేరుగా దూకేసే దారిని షార్ట్ సర్క్యూటింగ్ అనీ, కదలని మూలను డెడ్ జోన్ అనీ అంటారు. రెండూ పాత్ర లోపాలే.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

ఇది పుస్తకాల్లో ఉండిపోయే లెక్క కాదు. పటాన్‌చెరు చుట్టూ మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్లన్నీ కాలంతోనే నడుస్తాయి. వ్యర్థజలాలు శుద్ధి చేసే ట్యాంకులూ అంతే. అక్కడ మురికిని తినేది సూక్ష్మజీవులు. వాటికి తగినంత సమయం కావాలి. అదే ట్యాంకులోకి రెట్టింపు వ్యర్థం తోస్తే నివాస కాలం సగమవుతుంది, శుద్ధి కాని నీళ్ళు బయటికి పోతాయి.

దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు తీసుకునే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. శుద్ధి కేంద్రం అని బోర్డు పెట్టినంత మాత్రాన శుద్ధి జరిగినట్టు కాదు. లోపలికి ఏం పోయింది, లోపల ఎంతసేపు ఉంది, బయటికి ఏం వచ్చింది అన్నది కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

అణువును తప్పుపట్టరు, పాత్రను సరిచేస్తారు

ఇక ఈ కొలబద్దను యూనివర్సిటీకి పెట్టి చూద్దాం. యూనివర్సిటీలు ఘనంగా చెప్పుకునేది లోపలికి వచ్చినవాళ్ళ లెక్క. రిజర్వేషన్ సీట్లు ఇన్ని నింపాం అంటారు. బయటికి పోయేవాళ్ళ లెక్క పార్లమెంటులో అడిగితే గానీ రాదు. 2023 డిసెంబర్‌లో కేంద్రం లోక్‌సభకు చెప్పిన ప్రకారం అంతకుముందు అయిదేళ్ళలో కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 2,424 మంది, ఐఐటీల్లో 1,068 మంది, ఐఐఎంలలో 188 మంది ఎస్సీ విద్యార్థులు మధ్యలోనే వెళ్ళిపోయారు. వేరే కోర్సులకు, వేరే సంస్థలకు మారే వీలు విద్యార్థులకు ఉందని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కానీ వాళ్ళు ఎన్నో నెలలో వెళ్ళారు? గది దొరక్కముందా, తర్వాతా? ఫెలోషిప్ ఆగాకా? గైడు దొరకకా? మొత్తం సంఖ్యలో ఇవేవీ కనిపించవు.

డెడ్ జోన్ కూడా ఉంది. 2013లో ఇదే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి మాదారి వెంకటేష్ చనిపోయినప్పుడు, చేరి రెండేళ్ళు దాటినా అతనికి గైడును కేటాయించలేదని విద్యార్థి సంఘాలు ప్రశ్నించాయి. బయటికి పోనివ్వరు, ముందుకూ కదలనివ్వరు. రిజిస్టర్‌లో మాత్రం పేరు ఉంటుంది.

నిబంధనల్లోనే ఉన్న ఇంకో చిక్కు చూడండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గడువు ఆరేళ్ళు. ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే నేషనల్ ఫెలోషిప్ అయిదేళ్ళే. థీసిస్ రాసే ఆ ఆఖరి ఏడాది ఎలా బతకాలి? ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాడికి అది ఒక ఏడాది మాత్రమే. కూలికి పోయే తల్లిదండ్రులున్న పిల్లకు అదే చదువు ఆగిపోయే చోటు.

అణువులు ముందే బయటపడుతున్నాయని తెలిస్తే ఇంజనీరు అణువులను తిట్టడు. మధ్యలో అడ్డుగోడలు పెడతాడు, నీళ్ళు వచ్చే గొట్టం మారుస్తాడు, మూలలు సరిచేస్తాడు. మన విద్యాసంస్థల్లో జరిగేది దీనికి తిరకాసు. పిల్లలు వెళ్ళిపోతే వాళ్ళకు మెరిట్ లేదంటారు, తట్టుకునే శక్తి లేదంటారు. మనుషులు అణువులు కారని మాకు తెలుసు. అణువుకు కులం లేదు, అవమానం లేదు. అవమానం తెలిసిన మనిషికి కనీసం అణువుకు ఇచ్చే న్యాయమైనా ఇవ్వమని అడుగుతున్నాం.

ఏం అడగాలి?

ప్రతి యూనివర్సిటీ, ప్రతి బ్యాచ్‌కూ, కేటగిరీ వారీగా అయిదు తేదీలు బయటపెట్టాలి. అడ్మిషన్ అయిన రోజు, హాస్టల్ గది ఇచ్చిన రోజు, గైడును కేటాయించిన రోజు, మొదటి ఫెలోషిప్ చేతికందిన రోజు, డిగ్రీతోనో డిగ్రీ లేకుండానో బయటికి వెళ్ళిన రోజు. పేర్లు అక్కర్లేదు, తేదీలు చాలు. ఈ అయిదూ ఉంటే నివాస కాలాల గీత గీయడానికి కెమికల్ ఇంజనీరింగ్ పీజీ విద్యార్థికి ఒక సాయంత్రం సరిపోతుంది.

సంస్థలు వాటంతట అవి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర సంస్థలకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎల్దుర్తి నుంచి ఈ ఏడాది యూనివర్సిటీకి వెళ్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పేది ఇదే. హాస్టల్ గది ఇవ్వలేమంటే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. ఫెలోషిప్‌తో పాటు ఇంటి అద్దె భత్యం రావాలంటే ఆ కాగితం కావాలి. ఫెలోషిప్ ఆగితే మొదటి నెలలోనే రాతపూర్వకంగా అడగండి, ఏడో నెల దాకా ఆగకండి. సీనియర్ల నంబర్లు దగ్గర పెట్టుకోండి. మనసు బరువెక్కిన రోజు ఒంటరిగా ఉండకండి, ఎవరో ఒకరికి ఫోన్ చేయండి.

సీటు రాజ్యాంగం ఇచ్చింది. ఆ సీటులో ఆఖరి పేజీ రాసేదాకా కూర్చునే చోటు యూనివర్సిటీ ఇవ్వాలి. ఇచ్చిందో లేదో ఇకనుంచి తేదీలతో సహా లెక్క అడుగుదాం.