అర్బుదం: ఊరిలో జరగవలసిన వైద్యం

గోదావరి ఉత్తరవాహినిగా సాగే మన చెన్నూరికి స్నానార్థం, అగస్త్యేశ్వర స్వామి దర్శనార్థం వచ్చే భక్తులలో వ్యాధి నిమిత్తం మ్రొక్కుకొనేవారు అనేకులు. వారిలో కొందరి వ్యాధి అర్బుదం. పల్లెలలో పుట్టకురుపు అన్నా, నేడు క్యాన్సర్ అన్నా దీనినే. దీనికి వైద్యం హైదరాబాదులోనే ఉన్నదని, అక్కడికి పోయినవారు తిరిగిరారని ఒక మాట మన ప్రాంతంలో పాతుకొనిపోయింది. తిరిగిరానివారిలో చాలమంది ఆలస్యంగా వెళ్ళినవారే.

సుశ్రుతుడు నిదానస్థానంలో అర్బుదాన్ని వర్ణించాడు. గుండ్రంగా, కదలకుండా, స్వల్పమైన నొప్పితో మెల్లగా పెరిగేది, చీము పట్టనిది అని దాని లక్షణం. శేషం మిగిల్చి చికిత్స ముగిస్తే అది మరల పెరుగుతుందని కూడ హెచ్చరించాడు. ఆయన చెప్పిన ప్రతి అర్బుదమూ నేటి క్యాన్సరే అనడం తొందరపాటు. అయినా రెండు విషయాలు నేటికీ సరిపోతున్నవి. నొప్పి లేదు కనుక రోగి ఇల్లు కదలడు. సగంలో విడిచిన చికిత్స మరల మొదటికి తెస్తుంది.

ఈ రెండింటికీ మన వద్ద దూరం తోడైంది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పేదలకు దిక్కుగా ఉన్నది. 2000లో బసవతారకం ఆసుపత్రి వచ్చింది. చెన్నూరు నుండి ఆ నగరం 250 కిలోమీటర్ల పైమాట. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును భరించవచ్చును. కాని కోటపల్లి, వేమనపల్లి మండలాలలో తునికాకు కోసి, కూలికి పోయి బ్రతికే ఇంటికి రోగి, తోడు వెళ్ళినవారు కలిసి రెండు కూలీలు పోతాయి. రెండవ వారమో మూడవ వారమో తిరుగు బస్సు ఎక్కుతారు. సుశ్రుతుడు చెప్పిన శేషం అక్కడ మిగిలిపోతుంది.

వైద్యమంతా నగరంలోనే జరగనక్కరలేదు. రేడియేషన్ యంత్రాలు, కఠినమైన శస్త్రచికిత్సలు అక్కడ ఉండక తప్పదు. నోటిలో మానని పుండును, రొమ్ములో గడ్డను మొదట చూడడం ఊరిలోనే సాధ్యం. ముక్క తీసి పరీక్షకు పంపడం, పెద్ద వైద్యులు నిర్ణయించిన కీమోథెరపీ మందును ఎక్కించడం, నొప్పికి మందు ఇవ్వడం జిల్లా ఆసుపత్రి చేయగల పనులు. మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రులలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని, మొదటి సంవత్సరమే 200 తెరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెటు ప్రకటించింది. మంచిర్యాలలో ఉదయం మందు ఎక్కించుకొని సాయంకాలానికి ఇల్లు చేరగలిగితే ఎందరు చికిత్స మానకుండా ఉంటారో ఊహించవచ్చును.

పరిశోధన అంటే అద్దాల గదులలో జరిగేదని భక్తులు తలచవద్దు. మహారాష్ట్రలోని బార్షీలో 1987లో గ్రామీణ క్యాన్సర్ నమోదు ప్రారంభమైంది. వ్రాసుకొనేవారు ఊరూరా తిరుగుతూనే లక్షణాలను కూడ వివరించారు. కొన్నేళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తొలిదశలోనే చూపించుకొనే స్త్రీల సంఖ్య పెరిగింది. ప్రక్కనున్న ఉస్మానాబాద్ జిల్లా 1956 వరకు మనతోపాటు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. అక్కడ 1,31,746 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. హెచ్.పి.వి. పరీక్షను జీవితంలో ఒక్కసారి చేసినా, ఆ పరీక్ష అందిన వర్గంలో ఈ వ్యాధి మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ముంబయి మురికివాడలలో పదవ తరగతి చదివి శిక్షణ పొందిన స్త్రీలే పలుచని ఎసిటిక్ ఆమ్లంతో పరీక్షించగా మరణాలు 31 శాతం తగ్గాయి. పోల్చి చూడడానికి పరీక్ష చేయని వర్గాన్ని ఉంచడం ధర్మమా అన్న ప్రశ్న తరువాత లేచింది. నా మనస్సుకు అది నేటికీ ముల్లే. కాని ఆ పల్లెటూరి స్త్రీలు ఇచ్చిన జ్ఞానం మన ఊరికి కూడ చెందినది. దానిని వాడుకొనకపోవడం మరింత తప్పు.

ముప్పది ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయడం ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి; ఆశా కార్యకర్తను అడిగినా చెబుతారు. పొగాకు నమిలేవారు, గుట్కా, బీడీ, చుట్ట అలవాటు ఉన్నవారు ముందుగా నోరు చూపించుకోవాలి. స్త్రీలు సిగ్గుపడి దాచేది రొమ్ములోని గడ్డనే. ఇంటి పెద్దలు, ముఖ్యంగా అత్తగార్లు, కోడళ్ళను తోడుకొని వెళ్ళాలి. స్వామికి మ్రొక్కుకొనండి, ఆ వారంలోనే పరీక్షకు కూడ వెళ్ళండి. మ్రొక్కు తీరిన తరువాత చూద్దామని వాయిదా వేయవద్దు.

దాతలకు ఒక మనవి. యంత్రాలు కొనడం మనవంటి వారి వల్ల అయ్యే పని కాదు. ఒక రోగి, ఒక తోడు మనిషి ఆరు వారాలు నగరంలో ఉండడానికి గది, భోజనం, రానుపోను బస్సు ఖర్చు కలిపి ఎంత అవుతుందో లెక్క వేయించి, అన్నదానానికి ఇచ్చేటట్లే దానికీ ఇవ్వవచ్చును.