బొమ్మ వచ్చింది, మాట రాలేదు: మ్యాట్రిక్స్ స్విచర్‌కి సాఫ్ట్‌వేర్ కంట్రోల్

ఏ ఇన్‌పుట్‌నైనా ఏ అవుట్‌పుట్‌కైనా పంపే పెట్టెనే మ్యాట్రిక్స్ స్విచర్ అంటాం. సాఫ్ట్‌వేర్ దానికి పంపేది చిన్న కమాండే. ఉదాహరణకి చాలా ఎక్స్‌ట్రాన్ మ్యాట్రిక్స్‌లలో 3*2! అంటే, మూడో ఇన్‌పుట్ బొమ్మా సౌండూ రెండూ రెండో అవుట్‌పుట్‌కి వెళ్తాయి. చివర % పెడితే బొమ్మ ఒక్కటే, $ పెడితే సౌండ్ ఒక్కటే.

ఒక సంతాప సభలో నేను పొరపాటున % పెట్టాను. తెర మీద అమెరికా నుంచి కూతురు నాన్న గురించి మాట్లాడుతోంది, స్పీకర్లలో ల్యాప్‌టాప్ పాట! నా స్క్రీన్ మీద బటన్ మాత్రం పచ్చగానే ఉంది.

అందుకే ఇప్పుడు కమాండ్ పంపగానే బటన్ రంగు మార్చను. స్విచర్ జవాబులో ‘ఆల్’ అని ఉందా, ‘విడ్’ అని ఉందా చదివాకే మారుస్తా. మీరూ అలాగే రాయండి.